షిఫ్టు ఇన్‌చార్జీల శిక్షణ: వర్క్‌షాప్ కొనండి, సర్వే వద్దనండి

జీడిమెట్ల పారిశ్రామికవాడలోని ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ విభాగం మేనేజరుగా పనిచేస్తున్నాను. మేనేజర్లకూ షిఫ్టు ఇన్‌చార్జీలకూ ఇప్పించడానికి మా యాజమాన్యం ఈ మధ్య ఒక శిక్షణ ప్యాకేజీ కొన్నది. ఇంట్లో పసిపిల్లలనో మంచాన పడ్డ పెద్దవాళ్లనో చూసుకుంటూ ఉద్యోగం చేసేవాళ్ల పట్ల పనిచోట జరిగే వివక్షను గుర్తించడం, ఉద్యోగులకు పని మీద మనసు నిలిచేలా చూడడం అందులోని విషయాలు. రెండు రోజుల వర్క్‌షాప్, ఉద్యోగులందరికీ ఫోనులో ఎంగేజ్‌మెంట్ సర్వే (పని మీద ఎంత మనసు పెడుతున్నారో కొలిచే ప్రశ్నలు), ఆపైన మూడు నెలల పాటు ఫోను సలహా. మూడూ కలిపి పాతిక మందికి లక్షా అరవై వేల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ.

సంస్థ పేరు రాయను. ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. కొనబోయేవాళ్లకు ఇందులో ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో తెలియాలన్నదే నా కోరిక. నా తీర్పు ముందే చెబుతాను. వర్క్‌షాప్‌కు మళ్లీ డబ్బు పెట్టమని యాజమాన్యాన్ని అడుగుతాను. సర్వేకు ఒక్క రూపాయి కూడా పెట్టవద్దంటాను. అది పనికిరాకపోవడమే కాదు, ఎవరి కోసం ఈ శిక్షణ పెట్టుకున్నామో వాళ్లకే చెడ్డపేరు తెచ్చిపెట్టింది.

మా హాలు గురించి కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మాత్రలను రేకుల్లో బిగించే బ్లిస్టర్ లైన్లు, కార్టన్ యంత్రాలు, చేతి ప్యాకింగ్ బల్లలు ఉంటాయి. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఒక షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది దాకా ఇంకొకటి. రాత్రి షిఫ్టులో మగవాళ్లే ఉంటారు. మొత్తం మీద సగానికి పైగా ఆడవాళ్లు. చేతి ప్యాకింగ్ బల్లల దగ్గరున్నవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లు. లోపలికి వెళ్లేముందు గాజులు, గడియారం, ఫోను లాకరులో పెట్టి గౌను, టోపీ వేసుకోవాలి. మందుల తయారీలో ఈ నియమాన్ని సడలించడం కుదరదు. అంటే ఎనిమిది గంటల పాటు బడి నుంచి పిలుపు వచ్చినా, ఇంట్లో అత్తగారు జారిపడినా ఆ మనిషికి తెలియదు. మధ్యలో ఒకరు బయటికి వస్తే వాళ్ల స్థానంలో ఆ పనికి అర్హత పొందిన మనిషే నిలబడాలి, బ్యాచ్ రికార్డులో ఆ మార్పు రాయాలి. ఇంటి నుంచి పని చేసుకోమని చెప్పే సలహాలు ఇలాంటి చోట అతకవు. శిక్షకురాలికి ఈ సంగతి తెలుసా అన్న అనుమానంతోనే మొదటిరోజు కూర్చున్నాను.

ఆవిడ చాలా ఏళ్లు ఒక కర్మాగారంలో సిబ్బంది విభాగం చూసి, తర్వాత కార్మిక చట్టాల వైపు వచ్చారు. వర్క్‌షాప్‌కు పది రోజుల ముందే మా హెచ్‌ఆర్‌ను ఒకటి అడిగారు. గత రెండేళ్ల వార్షిక పనితీరు నివేదికలు, పేర్లూ ఉద్యోగి నంబర్లూ చెరిపేసి, మేనేజర్ రాసిన వ్యాఖ్యలు మాత్రం ఉంచి పంపాలని. హెచ్‌ఆర్ వెనుకాడింది. ఆవిడ పట్టు విడవలేదు. ప్యాకేజీ మొత్తంలో విలువైన పూట ఆ కాగితాల వల్లే వచ్చింది.

మొదటిరోజు ఉదయం ఒక్కో బల్లకు ఒక్కో కట్ట ఇచ్చారు. "పని బాగుంది. చిన్న పిల్ల ఉంది కాబట్టి లైన్ లీడర్ బాధ్యత ఇవ్వడం కష్టం." "కుటుంబ సమస్యలు ఎక్కువ, పని మీద శ్రద్ధ తక్కువ." "కొత్తగా పెళ్లయింది, ఎంతకాలం ఉంటుందో చూడాలి." ఇవన్నీ మా కంపెనీ కాగితాల్లోవే. ఒక్కో వ్యాఖ్యకు నాలుగు ప్రశ్నలు వేసుకోమన్నారు. ఈ మనిషి పనిలో కంటికి కనిపించిన లోపం ఏమిటి? మేనేజర్ ఊహించుకున్నది ఏమిటి? ఆ ఊహ నిజమో కాదో ఆ మనిషిని ఎవరైనా అడిగారా? ఈ వ్యాఖ్య వల్ల జీతంలోనో పదోన్నతిలోనో శిక్షణలోనో జరిగిన మార్పు ఏమిటి?

మూడో ప్రశ్న దగ్గర హాలు మొత్తం ఆగిపోయింది. చాలా కాగితాల్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఒక కాగితం నాకు బాగా గుర్తుంది. మాత్రల్లో పగుళ్లు, మచ్చలు పట్టుకునే విజువల్ ఇన్‌స్పెక్షన్ అర్హత శిక్షణకు ఒక అమ్మాయిని పంపలేదు. కారణంగా "పసిబిడ్డ తల్లి, శిక్షణకు రాలేదు" అని రాసి ఉంది. ఆ శిక్షణ జరిగేది జనరల్ షిఫ్టులో, తొమ్మిదిన్నర నుంచి ఆరు దాకా. పొద్దున ఆరింటి షిఫ్టు కోసం నాలుగింటికి లేచే తల్లికి అంతకంటే అనువైన వేళలు ఉండవు. అడిగి ఉంటే ఎగిరి గంతేసి వచ్చేది. అడగకుండా దయ చూపించారు. ఆ దయ వల్ల ఆమెకు గ్రేడు రాలేదు, గ్రేడుతో వచ్చే జీతం పెంపూ రాలేదు. చెడ్డ ఉద్దేశం ఉంటేనే వివక్ష అవుతుందనుకునే మా ఇన్‌చార్జీలకు ఇంతకంటే స్పష్టంగా ఎవరూ ఏదీ చెప్పలేరు.

నాణ్యత విభాగం నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన, "మగవాళ్ల కాగితాల్లో కూడా కుటుంబం గురించి రాస్తాం కదా మేడమ్" అన్నారు. రాశారు, నిజమే. శిక్షకురాలు ఇంకో కట్ట తీసి చదివారు. "తండ్రి అయ్యాక బాధ్యత పెరిగింది, స్థిరపడ్డాడు, సీనియర్ ఆపరేటర్‌గా సిఫారసు." పిల్ల పుట్టడం ఒకటే. ఒకరికి అది లోపం, ఇంకొకరికి అర్హత. ఇక్కడే ఆవిడ అమెరికాలో షెల్లీ కోరెల్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన చెప్పారు. సమాన అర్హతలున్న ఉద్యోగ దరఖాస్తులు రెండు చూపించి, ఒకదాంట్లో మాత్రం బడిలో తల్లిదండ్రుల సంఘం సభ్యత్వం లాంటి గుర్తులు పెట్టారు. తల్లి అని తెలిసిన దరఖాస్తుకు సూచించిన మొదటి జీతం దాదాపు 11,000 డాలర్లు తక్కువ. తండ్రులకు ఆ నష్టం లేదు. మా కట్టలు చదివాక ఆ అంకె ఎక్కడో పరాయి దేశానిది అనిపించలేదు.

కానీ తండ్రి స్థిరపడ్డాడని మెచ్చుకున్న మేనేజరే, అదే మగవాడు నిజంగా ఇంట్లో ఎవరినైనా చూసుకోవాల్సి వస్తే ఇంకోలా మాట్లాడతాడు. మా బ్లిస్టర్ లైన్ ఆపరేటర్ ఒకరి తల్లికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద, పోను రాను సమయం వేరే. కేంద్రంలో ఇచ్చిన వేళ మారదు. ఆయన షిఫ్టు మార్పు అడిగినప్పుడు వచ్చిన మొదటి జవాబు, "ఇంట్లో ఆడవాళ్లు ఎవరూ లేరా?" ఈ ఒక్క మాటలో రెండు వివక్షలు ఉన్నాయని ఆవిడ విడదీసి చూపారు. చూసుకునే మగవాణ్ని అనుమానించడం ఒకటి. ఆ భారం ఏదో ఒక ఇంట్లో ఒక ఆడమనిషి మీద ఎలాగూ పడుతుందని, ఆమె ఉద్యోగం వదులుకోవచ్చని లెక్క వేసుకోవడం రెండోది. కేంద్ర గణాంక శాఖ 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనులు చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. మగవాడు సెలవు అడిగినప్పుడల్లా ఇంట్లో ఆడవాళ్లు లేరా అనే మేనేజర్ ఆ 299ని తగ్గకుండా కాపాడుతున్నాడు. ఈ మాట శిక్షకురాలిది కాదు, నాది. గట్టిగానే అంటాను.

రెండోరోజు ఉదయం చట్టాలు. ఇక్కడ మార్కులు కొంత తగ్గిస్తాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పినందుకు మెచ్చుకోవాలి. ఇంట్లో ఒకరిని చూసుకుంటున్న కారణంగా వివక్ష చూపకూడదని ప్రైవేటు సంస్థలకు నేరుగా చెప్పే చట్టం మన దేశంలో లేదని ఆవిడ మొదటే చెప్పారు. ఉన్నది ముక్కలు ముక్కలుగా ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961 నాటిది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు వచ్చింది. మూడు నెలల లోపు బిడ్డను దత్తత తీసుకున్న తల్లికి 12 వారాలు. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. గర్భం కారణంగా సెలవులో ఉన్నప్పుడు ఉద్యోగం తీసేయకూడదు, ఉద్యోగ షరతులు ఆమెకు నష్టం కలిగేలా మార్చకూడదు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ హక్కులన్నీ ప్రతి మహిళకూ రాతపూర్వకంగా తెలియజేయాలి. "ఆ కాగితం ఇచ్చామని చెప్పగలిగేవాళ్లు చేయెత్తండి" అంటే చేతులు పెద్దగా లేవలేదు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ కేంద్రం నిబంధనలు కొనసాగాయి కాబట్టి, పాత చట్టం పోయిందని చెప్పి తప్పించుకునే దారి లేదు.

సుప్రీంకోర్టు తీర్పులు రెండు చెప్పారు, రెండూ మనసుకు పట్టాయి. చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రిలో పనిచేసే నర్సు దీపికా సింగ్ భర్తకు మొదటి వివాహంలో పుట్టిన పిల్లల కోసం శిశు సంరక్షణ సెలవు వాడుకున్నారు. తర్వాత తనకు మొదటి బిడ్డ పుట్టినప్పుడు, ఇది మూడో బిడ్డ కిందికి వస్తుందని ప్రసూతి సెలవు ఇవ్వలేదు. 2022 ఆగస్టులో కోర్టు ఆమె పక్షాన నిలిచింది. కుటుంబం అన్నిచోట్లా ఒకే నమూనాలో ఉండదని చెప్పింది. రెండోది హిమాచల్ ప్రదేశ్‌లో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ షాలినీ ధర్మాణి కేసు. ఎముకలు పెళుసుగా ఉండే పుట్టుక వ్యాధితో బాధపడే కొడుకును చూసుకోవడానికి శిశు సంరక్షణ సెలవు అడిగితే, రాష్ట్రం ఆ నిబంధనను అమలు చేయడం లేదని కాదన్నారు. 2024లో కోర్టు, ఉద్యోగాల్లో మహిళల భాగస్వామ్యం ఎవరో ఇచ్చే వెసులుబాటు కాదని, అది రాజ్యాంగం కోరేదని చెప్పింది. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. ఒంటరి తండ్రికీ ఉంది. మా బల్లల దగ్గర నిలబడి కార్టన్లు మడిచే తల్లికి అందులో ఒక్కరోజు కూడా లేదు. చట్టం ఇవ్వని చోట మేనేజర్ ఇచ్చే షిఫ్టు మార్పే ఆమెకు మిగిలిన సౌకర్యం. కాబట్టి ఆ మేనేజర్ మనసులో ఏముందన్నది చాలా పెద్ద విషయం.

తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం 2007 గురించి ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. వృద్ధులైన తల్లిదండ్రులను దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల జైలు, ఐదు వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చూసుకోకపోతే శిక్ష వేసే చట్టం ఉంది. చూసుకోవడానికి ఒక రోజు జీతంతో సెలవిమ్మని ప్రైవేటు యజమానికి చెప్పే చట్టం లేదు. ఆ మధ్యలో నలిగేది మా డయాలసిస్ ఆపరేటర్ లాంటివాళ్లు.

మరి మార్కులు ఎందుకు తగ్గించానంటే, స్లయిడ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం తయారు చేసినవి. ఈఎస్ఐ, అంటే తక్కువ జీతాల ఉద్యోగులకు వైద్యం, భత్యం ఇచ్చే ప్రభుత్వ బీమా, ఆ మాటే వాటిలో లేదు. కర్మాగారంలో ప్రసూతి గురించి మాట్లాడుతూ ఈఎస్ఐని వదిలేస్తే సగం పాఠం పోయినట్టే. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లంతా అందులోనే ఉంటారు. వాళ్ల ప్రసూతి సెలవు కాలానికి డబ్బు చెల్లించేది ఈఎస్ఐ కార్పొరేషన్, యజమాని కాదు. యజమాని కట్టేది జీతంలో 3.25 శాతం, ఉద్యోగి కట్టేది 0.75 శాతం. "ఆడవాళ్లను తీసుకుంటే ఆరు నెలల జీతం ఊరికే పోతుంది" అని మా ఇన్‌చార్జీలు కొందరు నిజంగా నమ్ముతున్నారు. ఆ నమ్మకంతోనే కాంట్రాక్టరుకు పెళ్లికాని వాళ్లను పంపమని చెబుతారు. ఈ ఒక్క విషయం వివరించి ఉంటే ఎంతో మేలు జరిగేది. నేనే లేచి చెప్పాల్సి వచ్చింది. శిక్షకురాలు ఒప్పుకుని మధ్యాహ్నం దాని మీద కొంతసేపు మాట్లాడారు.

ఈఎస్ఐలో ఇంకో సంగతి ఉంది, మేనేజర్లకు ఇదీ తెలియాలి. కార్డు ఉన్న ఉద్యోగి మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం అందుతుంది. కానీ అనారోగ్య కాలానికి ఇచ్చే భత్యం ఉద్యోగి తాను జబ్బుపడితేనే, ఏడాదికి 91 రోజుల దాకా, సగటు వేతనంలో 70 శాతం. తల్లిని సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు తల్లికి మందులు వస్తాయి, కొడుక్కి కూలి రాదు. అందుకే చాలామంది తల్లి జబ్బును తమ జబ్బుగా చెప్పి సెలవు పెడతారు. మేనేజర్ దాన్ని అబద్ధంగా రాసుకుంటాడు. అక్కడి నుంచి ఆ మనిషి మీద నమ్మకం పోతుంది. నిజం చెబితే నష్టం లేదన్న భరోసా ఇస్తే ఆ అబద్ధం అవసరమే రాదు.

స్లయిడ్లలో అమెరికా చట్టాలకు మాత్రం దండిగా చోటు దొరికింది. అక్కడి సమాన ఉపాధి అవకాశాల సంఘం 2007లో ఇచ్చిన మార్గదర్శకాలు, 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం, అందులో 12 వారాల జీతం లేని సెలవు. మా ఇన్‌చార్జీలకు వీటితో పని లేదు. ఒక్కటి మాత్రం ఉంచుకోవచ్చు. బడికి వెళ్లని వయసు పిల్లలున్న తల్లుల దరఖాస్తులు తీసుకోకుండా, అదే వయసు పిల్లలున్న తండ్రులను చేర్చుకున్న కంపెనీ మీద 1971లో వచ్చిన అమెరికా సుప్రీంకోర్టు తీర్పు. మా కట్టల్లోని రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడడానికి అది సరిపోయింది. మిగతా గంట సమయం కాంట్రాక్టు కార్మికులకు ఇవ్వాల్సింది. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద దినకూలికి పనిచేసిన మహిళలకు కూడా ప్రసూతి ప్రయోజనాలు వర్తిస్తాయని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఆ తీర్పు పేరు స్లయిడ్ కింద చిన్న అక్షరాల్లో ఉంది. మా హాలుకు అదే అన్నిటికంటే పెద్దగా కనిపించాలి.

ఇక సర్వే. ఫోనుకు ఒక లింకు వస్తుంది, ఇరవై వాక్యాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. లింకు ఉదయం తొమ్మిదికి తెరుచుకుని సాయంత్రం ఆరుకు మూసుకునేది. ఆ వేళల్లో మా వాళ్ల ఫోన్లు లాకర్లలో ఉన్నాయి. రెండింటికి షిఫ్టు దిగినవాళ్లు పరుగున కంపెనీ బస్సెక్కుతారు, ఇంటికి చేరగానే బడి నుంచి వచ్చే పిల్లలు ఎదురుచూస్తుంటారు. కాంట్రాక్టు వాళ్లకు లింకే పంపలేదు. పెద్ద ఆఫీసులో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లే ఎక్కువగా నింపిన సర్వే అది. ఫలితం మీద మాత్రం కంపెనీ మొత్తం పేరు ఉంది.

అడిగిన తీరు ఇంకా అన్యాయం. "కంపెనీ కార్యక్రమాల్లో ఉత్సాహంగా పాల్గొంటాను." "అవసరమైతే పని వేళలు దాటి ఉండడానికి సిద్ధంగా ఉంటాను." "కొత్త బాధ్యతలను నా అంతట నేనే తీసుకుంటాను." నిజాయితీగా మార్కులు వేసే ఏ తల్లికైనా, మంచాన పడ్డ తండ్రి ఉన్న ఏ కొడుకుకైనా వీటిలో తక్కువే వస్తుంది. తప్పు లేకుండా బ్యాచ్ పూర్తి చేసేదెవరు, కొత్తవాళ్లకు పని నేర్పేదెవరు, ఏళ్ల తరబడి నిలిచి ఉన్నదెవరు అనే ప్రశ్నలు లేవు. ఫలితాల్లో మా మొదటి షిఫ్టు "తక్కువ నిబద్ధత" అని ఎర్ర రంగులో వచ్చింది. చేతి ప్యాకింగ్‌లో తప్పులు అతి తక్కువగా వచ్చే షిఫ్టు అదే. వాళ్ల ఉత్సాహం పెంచడానికి ఆదివారం ఆటల పోటీలు, భోజనాలు పెట్టమని నివేదిక సిఫారసు చేసింది. వారానికి ఒక్కరోజు దొరికే సెలవును కూడా తీసుకోమన్న సలహాకు డబ్బు కట్టాం.

బాధ కలిగించేది ఏమిటంటే, వాళ్లిచ్చిన పుస్తకంలోనే దీనికి జవాబు ఉంది. పనిలో మనిషి మనసు పెట్టడం గురించి పరిశోధకుడు విలియం కాన్ 1990లో రాసిన వ్యాసం అందులో ప్రస్తావించారు. వేసవి శిబిరంలో, ఒక వాస్తుశిల్ప సంస్థలో పనిచేసేవాళ్లను గమనించి ఆయన మూడు షరతులు చెప్పాడు. చేసే పనికి అర్థం ఉందనిపించాలి. తనను తాను చూపించుకుంటే నష్టం లేదన్న భద్రత ఉండాలి. ఆ పనికి ఇవ్వడానికి మనిషిలో శక్తి, మనసు మిగిలి ఉండాలి. బయటి జీవితం ఆ శక్తిని ఎలా తీసుకుంటుందో కూడా ఆయన రాశాడు. సర్వేలో మూడో షరతు మీద ఒక్క ప్రశ్న లేదు. రెండోదాని మీదా లేదు. అమెరికా సర్వే సంస్థ గాలప్ వాడే పన్నెండు వాక్యాల పట్టికలో పనిచోట ఎవరో ఒకరు నన్ను మనిషిగా పట్టించుకుంటారు అన్న అర్థంలో ఒకటి ఉంటుంది. ఆ ఒక్కటి పెట్టి ఉన్నా మాకు కొంత తెలిసేది.

మూడు నెలల ఫోను సలహాకు సగం మార్కులు. శిక్షకురాలు స్వయంగా ఎత్తినప్పుడు చాలా బాగుంది. మిగతాసార్లు వేరేవాళ్లు ఎత్తి, పుస్తకంలో ఉన్నదే చదివి వినిపించారు. ఒకసారి మాత్రం ఆవిడ సలహా నేరుగా ఫలించింది. మా దగ్గర నెలలో ఒక్కరోజు కూడా సెలవు పెట్టకపోతే హాజరు బోనసు ఇస్తారు. డయాలసిస్ ఆపరేటర్‌కు అది ఎప్పుడూ రాదు. బోనసు తీసేయమని ఆవిడ అనలేదు, తీసేస్తే మిగతావాళ్లు ఆయన మీద కోపం పెంచుకుంటారు. ముందుగా చెప్పి, తోటి మనిషితో షిఫ్టు మార్చుకుని, ఆ పని గంటలు పూర్తి చేసిన రోజును సెలవుగా లెక్కించకుండా నియమం మార్చమన్నారు. దానికి తోడు, మార్చుకునేవాళ్లిద్దరికీ ఆ యంత్రం మీద అర్హత ఉందో లేదో చూసుకునే ఒక పట్టిక నోటీసు బోర్డు పక్కన పెట్టాం. యాజమాన్యం ఒప్పుకుంది. ఇప్పుడు ఆ పట్టికను వాడేవాళ్లలో పిల్లల పరీక్షల కోసం మార్చుకునేవాళ్లు, ఊళ్లో జాతర కోసం మార్చుకునేవాళ్లు కూడా ఉన్నారు. అందరికీ పనికొచ్చింది కాబట్టి ఎవరికీ అసూయ లేదు.

మా వాళ్లు అడిగి చేయించుకున్నది ఇంకొకటి ఉంది. సూపర్‌వైజర్ గదిలో ఒక ల్యాండ్‌లైన్. ఆ నంబరు బడికి, ఇంటికి, పక్కింటికి ఇచ్చుకోవచ్చు. ఫోను వస్తే ఎత్తేవాళ్లు పేరు, సంగతి రాసుకుని, బదులు నిలబడే రిలీవర్‌ను పంపాలి. దీనికి వర్క్‌షాప్‌తో సంబంధం ఏమిటంటే, ఇంతకాలం వాళ్లు అడగకపోవడానికి కారణం, అడిగితే కాగితం మీద కుటుంబ సమస్యలు అని పడుతుందన్న భయం. ఆ భయం గురించి ఇన్‌చార్జీలు రెండు రోజులు కూర్చుని మాట్లాడుకున్నాక అడగడం తేలికైంది.

శిశు సంరక్షణ కేంద్రం దగ్గర మాత్రం ఏమీ కదలలేదు. కంపెనీ బయట ఒక కేంద్రంతో ఒప్పందం చేసుకుంది, కాగితం మీద నిబంధన నెరవేరింది. అది తెరిచేది తొమ్మిదింటికి, మా షిఫ్టు మొదలయ్యేది ఆరింటికి. పక్క కంపెనీలతో కలిసి ఉమ్మడి కేంద్రం నడపడానికి చట్టం ఒప్పుకుంటుందని శిక్షకురాలు చెప్పారు. ఆ ప్రతిపాదన రాసి పెట్టాను. మా వరసలోని ఇంకో రెండు కంపెనీల హెచ్‌ఆర్‌లతో మాట్లాడుతున్నాను. వాళ్లకూ ఆరింటి షిఫ్టే, వాళ్ల దగ్గరా పసిపిల్లల తల్లులే.

ఇలాంటి శిక్షణ కొనబోయేవాళ్లు బేరం మాట్లాడేటప్పుడే కొన్ని అడగండి. స్లయిడ్లు, పాఠం తెలుగులో ఉండాలి. మాకు వచ్చినవి ఇంగ్లీషులో ఉన్నాయి, పదో తరగతి, ఐటీఐ చదివి పైకి వచ్చిన ఇన్‌చార్జీలు సగం ఊహించుకున్నారు. కర్మాగారమైతే ఈఎస్ఐ, కాంట్రాక్టు కార్మికులు, షిఫ్టుల మీద ఒక పూట కావాలని ఒప్పందంలో రాయించండి. మీ సొంత పనితీరు నివేదికలు వాడని వర్క్‌షాప్ తీసుకోకండి, హెచ్‌ఆర్ ఎంత వెనుకాడినా సరే. సర్వే ఉచితమన్నా వద్దనండి. ఒకవేళ యాజమాన్యం పట్టుబడితే, ప్రశ్నలు ముందే చూపించమనండి, కాంట్రాక్టు వాళ్లను కలపమనండి, షిఫ్టు మొదట్లో పది నిమిషాలు ఆపి కాగితం మీద నింపించమనండి. ఫోను సలహా శిక్షకురాలే ఇస్తారా, వేరేవాళ్లా అన్నది రాతలో తీసుకోండి.

మేం వచ్చే ఏడాదికి వర్క్‌షాప్ ఒక్కటే, తెలుగులో, కాంట్రాక్టర్ల సూపర్‌వైజర్లను కూడా కూర్చోబెట్టి చేయమని అడిగాం. లక్షా పది వేలకు వస్తామన్నారు, స్లయిడ్లు మార్చడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటేనే సంతకం పెడతాం.